పాత కంప్యూటర్‌కి గ్రాఫిక్స్ కార్డు: కొనే ముందు డబ్బా మూత తీయండి

  

ఈ ఎపిసోడ్ మొగల్తూరు నుంచి చేస్తున్నానండి. మొగల్తూరు అనగానే అందరికీ కృష్ణంరాజు గారు, చిరంజీవి గారు గుర్తొస్తారు. ఈరోజు మాత్రం సినిమా కబుర్లు కాదు. ఒక పాత డెస్క్‌టాప్ గురించి, దానికి గ్రాఫిక్స్ కార్డు పెట్టాలనుకున్న ఒక తమ్ముడి గురించి మాట్లాడుకుందాం.

మీలో చాలామంది ఈ వీడియో ఫోన్‌లోనే చూస్తున్నారని నాకు తెలుసు. ఇంట్లో ఒక మూల అన్నయ్య చదువుకునేటప్పుడు కొన్న సిస్టమో, ఏదో ఆఫీసు వాళ్లు అమ్మేస్తే తెచ్చుకున్న సిస్టమో దుమ్ము పట్టి ఉంటుంది. "దానికి ఒక కార్డు పడేస్తే జీటీఏ ఆడేయొచ్చు, ఎడిటింగ్ చేసేయొచ్చు కదా అన్నయ్యా" అని కామెంట్లలో రోజూ అడుగుతున్నారు. ఏ కార్డు కొనాలి అన్నది రెండో ప్రశ్న. మన డబ్బా ఏ కార్డుని రానిస్తుంది అన్నది మొదటి ప్రశ్న. ఈ రెండూ తిరగేసుకుంటేనే డబ్బులు పోతాయి.

ముందు ఆ తమ్ముడి సంగతి చెబుతాను. ఇంటర్ అయ్యాక నర్సాపురంలో ఒక పెళ్లి వీడియోల స్టూడియోలో ఎడిటింగ్ పనికి చేరాడు. నాన్నగారు రొయ్యల చెరువు మీద కాపలా ఉంటారు, అమ్మగారు ఇంటి దగ్గర లేసు అల్లుతారు. ముహూర్తాల సీజన్‌లో రాత్రిళ్లు కూడా స్టూడియోలోనే కూర్చోవాలి. ఆఖరి బస్సు తప్పిపోతే అక్కడే బల్ల మీద పడుకోవడమే. స్టూడియో ఆయన ఒక మాట అన్నారట. "ఇంట్లో సిస్టమ్ రెడీ చేసుకోరా, ఫుటేజీ హార్డ్‌డిస్క్‌లో ఇస్తాను, ఇంటి దగ్గరే ఎడిట్ చేసి తీసుకురా" అని.

ఇంట్లో సిస్టమ్ ఉంది. ఒక బ్రాండెడ్ కంపెనీ ఆఫీసుల కోసం చేసిన సన్న డబ్బా. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఐ5-3470 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, హార్డ్‌డిస్క్. చేతిలో 6,500 రూపాయలు ఉన్నాయి, పోయిన సీజన్‌లో దాచుకున్నవి. ఎవరో వాడిన జీటీఎక్స్ 960 అమ్ముతున్నారని, అడ్వాన్స్ వేసేయమంటారా అని నాకు మెసేజ్ పెట్టాడు. నేను ఒకటే రాశాను: "ఆగు తమ్ముడూ. డబ్బా మూత తీసి ఫొటో పెట్టు." ఫొటో చూశాక ఊరుకోలేక స్క్రూడ్రైవర్ పట్టుకుని నేనే వచ్చేశాను.

ఎందుకు ఆగమన్నానో చెప్పాలంటే నా పాత కథ ఒకటి చెప్పాలి. కాలేజీ రోజుల్లో నేను కూడా ఒక వాడిన కార్డు కొన్నాను. దానికి 6-పిన్ పవర్ కావాలి. నా ఎస్‌ఎమ్‌పీఎస్‌లో ఆ వైరు లేదు. అమ్మినాయన ఒక కన్వర్టర్ వైరు ఇచ్చి, "హార్డ్‌డిస్క్ పవర్ వైరుకి తగిలించేయ్, ఏం కాదు" అన్నాడు. ఎస్‌ఎమ్‌పీఎస్ మీద 450 వాట్లు అని పెద్ద అక్షరాలు ఉన్నాయి కదా, నేనూ ధైర్యంగా తగిలించాను. డెస్క్‌టాప్ మామూలుగానే వచ్చింది. గేమ్ ఓపెన్ చేసిన పది నిమిషాలకి టప్‌మని ఒక శబ్దం, కాలిన వాసన. ఎస్‌ఎమ్‌పీఎస్ పోయింది, దాంతోపాటు మదర్‌బోర్డు కూడా పోయింది. కార్డు మాత్రం బాగానే ఉంది! పెట్టుకోవడానికి సిస్టమ్ లేదు, అంతే. మా నాన్నగారికి ఏం చెప్పాలో తెలియక వారం రోజులు ఆ గది తలుపు వేసేసి ఉంచాను.

అందుకే ఇప్పుడు వరసగా చూద్దాం. పవర్ ఆఫ్ చేసి, ప్లగ్ పీకి, పక్క మూత తీయండి. లోపల చెయ్యి పెట్టే ముందు క్యాబినెట్ ఇనుముని ఒకసారి ముట్టుకోండి. ఒంట్లో ఉన్న స్టాటిక్ పోతుంది.

మొదటిది, స్లాట్. మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ ఫ్యాన్‌కి కింద పొడుగ్గా ఒక స్లాట్ ఉంటుంది. అదే పీసీఐ ఎక్స్‌ప్రెస్ 16 స్లాట్. 2004 నుంచి వచ్చిన బోర్డుల్లో ఇది మొదలైంది. అంతకన్నా పాత బోర్డుల్లో ఏజీపీ అని వేరే స్లాట్ ఉండేది. ఈ రెండూ ఒకటి కావు, ఒకదాని కార్డు ఇంకోదాంట్లో దిగదు. మీ బోర్డులో ఏజీపీ కనిపిస్తే మూత పెట్టేసి, ఆ సిస్టమ్ మీద ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకండి.

"అన్నయ్యా, నాది పీసీఐ 2.0, కార్డు 3.0, పనిచేస్తుందా?" అని చాలామంది అడుగుతారు. పనిచేస్తుందండి. కొత్త వెర్షన్ కార్డు పాత స్లాట్‌లో పాత స్పీడుతో నడుస్తుంది. ఒక్క చోట మాత్రం జాగ్రత్త. ఆర్ఎక్స్ 6400, ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ అని 2022లో వచ్చిన కార్డులు ఉన్నాయి. చూడటానికి స్లాట్ నిండా ఉంటాయి గానీ, డేటా వెళ్లే దారులు నాలుగే. పీసీఐ 4.0 స్పీడుని నమ్ముకుని చేసినవి. పాత బోర్డులో ఆ నాలుగు దారులూ ఇరుకైపోతాయి, కార్డు స్పీడు బాగా పడిపోతుంది. కొత్త కార్డు కదా అని పాత సిస్టమ్‌కి ఇవి కొనకండి.

రెండోది ఎస్‌ఎమ్‌పీఎస్. కొంప మునిగేది ఇక్కడే. దాని పక్కన స్టిక్కర్ ఉంటుంది. ఫోన్ టార్చ్ వేసి ఫొటో తీయండి. పైన పెద్దగా రాసిన వాట్లు వదిలేయండి. టేబుల్‌లో 12 వోల్టులు అని ఉన్న గడి చూడండి, దాని కింద ఆంపియర్లు ఉంటాయి. ఉదాహరణకి 16 ఆంపియర్లు ఉందనుకోండి. 12 ఇంటూ 16, అంటే 192 వాట్లు. పైన 450 అని రాసి ఉన్నా ప్రాసెసర్‌కీ, గ్రాఫిక్స్ కార్డుకీ నిజంగా దొరికేది ఆ 192 లోంచే. నా ఎస్‌ఎమ్‌పీఎస్ అందుకే పేలింది.

ఇప్పుడు కార్డు వైపు లెక్క చూద్దాం. స్లాట్ నుంచి కార్డుకి గరిష్ఠంగా 75 వాట్లు వస్తాయి. అంతకు మించి తినే కార్డుకి ఎస్‌ఎమ్‌పీఎస్ నుంచి విడిగా వైరు రావాలి. 6-పిన్ అయితే ఇంకో 75 వాట్లు, 8-పిన్ అయితే 150 వాట్లు. తమ్ముడు కొనబోయిన జీటీఎక్స్ 960 తినేది 120 వాట్లు, 6-పిన్ తప్పనిసరి. ఇతని డబ్బాలో ఎస్‌ఎమ్‌పీఎస్ మొత్తం 240 వాట్లు, 6-పిన్ వైరే లేదు. అంటే ఆ కార్డు కథ అక్కడితో అయిపోయింది. కన్వర్టర్ వైరు వేసి నడిపిద్దాం అంటారు. నా కథ విన్నారు కదా, వద్దు.

ఇంకో సంగతి. ఇలాంటి సన్న బ్రాండెడ్ డబ్బాల్లో కొన్నింటికి ఆ స్లాట్‌లో 75 వాట్లు కూడా ఇవ్వరు. కంపెనీ మాన్యువల్‌లోనే తక్కువ రాసి ఉంటుంది. తమ్ముడి మోడల్ నంబర్ కొట్టి మాన్యువల్ డౌన్‌లోడ్ చేస్తే అందులో 35 వాట్లు అని ఉంది. "పక్కింటి వాడు ఇలాంటి డబ్బాలోనే 75 వాట్ల కార్డు పెట్టాడు, నడుస్తోంది" అనొచ్చు. నడవచ్చండి. కానీ 6,500 రూపాయలే ఉన్నవాడికి, వచ్చే నెల పని దాని మీదే ఆధారపడిన వాడికి, "నడవచ్చు" అన్న మాట మీద నేను డబ్బు పెట్టించలేను.

మూడోది జాగా. సన్న డబ్బా అయితే మామూలు ఎత్తు కార్డు పట్టదు. లో ప్రొఫైల్ అని సగం ఎత్తు కార్డు కావాలి. దాంతోపాటు వెనక బిగించే పొట్టి ఇనుప పట్టీ కూడా వచ్చిందో లేదో అడగండి. అది లేక కార్డుని రబ్బరు బ్యాండుతో కట్టుకున్నవాళ్లని చూశాను. పెద్ద టవర్ క్యాబినెట్ అయితే ఎత్తుతో ఇబ్బంది లేదు, పొడుగు కొలవాలి. స్లాట్ దగ్గర వెనక గోడ నుంచి హార్డ్‌డిస్క్ బాక్స్ దాకా స్కేలు పెట్టి కొలిచి, కార్డు పొడుగుతో పోల్చండి. రెండు స్లాట్ల మందం ఉన్న కార్డు అయితే పక్క స్లాట్ ఖాళీగా ఉండాలి.

నాలుగోది మానిటర్. ఇది అందరూ మర్చిపోతారు. మన ఇళ్లల్లో పాత మానిటర్లకి నీలం రంగు పిన్ను, 15 చిన్న సూదులతో ఉంటుంది కదా, అది వీజీఏ. జీటీ 710, జీటీ 730 లాంటి పాత కార్డుల్లో ఆ రంధ్రం ఉంటుంది. జీటీఎక్స్ 1050 టీఐ, 1650 లాంటి వాటిల్లో ఉండదు. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే కన్వర్టర్ కొనాలి, లోపల చిప్ ఉన్నది. ఉత్త వైరుతో బొమ్మ రాదు. కార్డు కొని ఇంటికి వచ్చాక "అన్నయ్యా, బొమ్మ రావట్లేదు" అని పెట్టే మెసేజ్‌లలో సగం ఇవే.

ఐదోది బయోస్. పాత బ్రాండెడ్ సిస్టమ్‌లు కొన్ని కొత్త కార్డుని గుర్తుపట్టవు. ఫ్యాన్ తిరుగుతుంది, తెర నల్లగా ఉంటుంది. కంపెనీ సైట్‌లో మీ మోడల్‌కి ఆఖరి బయోస్ అప్‌డేట్ ఉంటే కార్డు కొనక ముందే వేసుకోండి. వేసేటప్పుడు కరెంటు పోతే బోర్డు పోయినట్టే. మన ఊళ్లల్లో కరెంటు సంగతి తెలిసిందే కదా, యూపీఎస్ లేకుండా ఆ పని చేయకండి. ఇంటెల్ ఆర్క్ కార్డుల జోలికి పాత సిస్టమ్‌తో అసలు వెళ్లకండి. అవి సరిగ్గా నడవాలంటే బోర్డులో రీసైజబుల్ బార్ అనే సదుపాయం ఉండాలి, పదేళ్ల పాత బోర్డులో అది ఉండదు.

ఆరోది డ్రైవర్లు. కార్డుకి కూడా వయసు అయిపోతుంది. జీటీ 710లో, చాలా జీటీ 730 కార్డుల్లో కెప్లర్ చిప్ ఉంటుంది. వీటికి కొత్త గేమ్ డ్రైవర్లు 2021లోనే ఆగిపోయాయి. 750 టీఐ, 1050 టీఐ, 1030 లాంటి మాక్స్‌వెల్, పాస్కల్ కార్డులకి 2025 అక్టోబర్‌తో గేమ్ డ్రైవర్లు ముగించి, 2028 అక్టోబర్ దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రం ఇస్తామని ఎన్విడియా చెప్పింది. అంటే రేపు ఆగిపోతాయని కాదు. ఇప్పుడున్న గేమ్‌లు, సాఫ్ట్‌వేర్లు నడుస్తాయి. కానీ ధర అడిగేటప్పుడు ఈ సంగతి గుర్తుపెట్టుకుని బేరం ఆడండి.

దీంతోపాటే విండోస్ మాట. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11కి ఇంటెల్‌లో అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచి, టీపీఎమ్ 2.0 తో ఉండాలి. కార్డు మార్చినంత మాత్రాన ఆ అర్హత రాదు. వాలరెంట్ ఆడేవాళ్లు ముఖ్యంగా వినండి. విండోస్ 11 మీద ఆ గేమ్‌కి టీపీఎమ్ 2.0, సెక్యూర్ బూట్ రెండూ కావాలి. పాత సిస్టమ్‌లో ఎంత మంచి కార్డు పెట్టినా అక్కడ ఆపేస్తుంది.

సరే, ఆరూ చూశాం. మరి ఏ కార్డు? సన్న డబ్బా సంగతి కాసేపు పక్కన పెడదాం. మీది మామూలు టవర్ క్యాబినెట్, రెండో తరం నుంచి నాలుగో తరం ఐ3 గానీ ఐ5 గానీ అనుకుందాం. ఎస్‌ఎమ్‌పీఎస్ పర్లేదు, కానీ 6-పిన్ వైరు లేదు. ఇలాంటి వాళ్లే మనలో ఎక్కువమంది.

మీరు చూడాల్సినవి 75 వాట్ల లోపు కార్డులు. 2014లో వచ్చిన జీటీఎక్స్ 750 టీఐ, 60 వాట్లు. 2016లో వచ్చిన జీటీఎక్స్ 1050 టీఐ, 75 వాట్లు, 4 జీబీ. 2019లో వచ్చిన జీటీఎక్స్ 1650, అదీ 75 వాట్లే, 4 జీబీ. వీటిల్లో 1650కి డ్రైవర్లు ఇంకా వస్తున్నాయి. డబ్బు ఉంటే అదే నా మొదటి మాట. కాకపోతే 1050 టీఐలో, 1650లో కూడా 6-పిన్ పెట్టి అమ్మిన మోడళ్లు ఉన్నాయి. పేరు చూసి కొనకండి, కార్డు అంచు ఫొటో అడగండి. పిన్ను రంధ్రం ఉంటే మీది కాదు.

ఇప్పుడు ఒక పెద్ద మోసం గురించి. దీన్ని మోసం అనను, మన అమాయకత్వం అంటాను. "4 జీబీ కార్డు" అని జీటీ 730 అమ్ముతారు. 4 జీబీ అనగానే 1650తో సమానం అనుకుంటాం. జీబీ అంటే ట్యాంకు సైజు, స్పీడు అంటే పైపు సైజు. డీడీఆర్3 మెమరీ ఉన్న 64 బిట్ల జీటీ 730లో పైపు సెకనుకి సుమారు 14 జీబీ. 1050 టీఐలో 112 జీబీ. 1650లో 128 జీబీ. ట్యాంకు ఎంత పెద్దదైనా, చెరువుకి నీళ్లు పెట్టే పైపు బొటనవేలంత ఉంటే ఏం లాభం? రొయ్యల చెరువులున్న ఊళ్లో మీకు ఇది నేను చెప్పక్కర్లేదు!

జీటీ 1030లో కూడా ఇదే తిరకాసు. 2017లో జీడీడీఆర్5తో వచ్చింది, పైపు 48 జీబీ. తర్వాత 2018లో అదే పేరుతో డీడీఆర్4 వెర్షన్ వచ్చింది, పైపు 17 జీబీ కూడా లేదు. అట్ట పెట్టె మీద పేరు ఒకటే. డీడీఆర్4 అని ఉంటే పక్కన పెట్టేయండి.

గేమ్ కోసం అయితే ఒక కొలత చెబుతాను. పాత జీటీఏ 5కి కంపెనీ చెప్పిన సౌకర్యమైన సెటప్ ఏంటంటే ఐ5-3470, 8 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 660. అంటే తమ్ముడి ప్రాసెసరే! ఆ మూడింటిలో ర్యామ్ కూడా ఉంది చూడండి. 4 జీబీ ర్యామ్ పెట్టుకుని, హార్డ్‌డిస్క్ మీద విండోస్ నడుపుతూ, కార్డు మీదే మొత్తం డబ్బు పోస్తే గేమ్ అడుగడుగునా ఆగుతుంది. తప్పు కార్డుది కాదు.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకి నాలుగు మాటలు. 2022 సెప్టెంబర్‌లో ఈథీరియం అనే క్రిప్టో, కార్డులతో మైనింగ్ చేసే పద్ధతినే మానేసింది. అప్పటిదాకా రాత్రింబవళ్లు నడిచిన కార్డులు ప్రపంచమంతా సెకండ్ హ్యాండ్ మార్కెట్లోకి వచ్చిపడ్డాయి. మైనింగ్ చేసిన ప్రతి కార్డూ చెడ్డది కాదు గానీ ఫ్యాన్, థర్మల్ పేస్ట్ అరిగి ఉంటాయి. కాబట్టి నడుస్తుండగా చూడకుండా డబ్బు ఇవ్వకండి. జీపీయూ-జెడ్ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. పాత చిప్పుకి కొత్త పేరు రాసి అమ్మే నకిలీ ఎన్విడియా కార్డుల్ని అది చాలావరకు పట్టేస్తుంది. ఒక పదిహేను నిమిషాలు ఏదైనా బరువైన గేమ్ గానీ టెస్ట్ గానీ నడిపించమనండి. తెర మీద గీతలు, రంగు చుక్కలు వస్తే నమస్కారం పెట్టి వచ్చేయండి.

మన సముద్రం పక్క ఊళ్లవాళ్లు ఇంకోటి చూడాలి. పేరుపాలెం బీచ్ మన మండలంలోనే కదా, గాలిలో ఉప్పు ఉంటుంది. కార్డు బంగారు రంగు అంచు చూడండి. నల్లబడితే పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దొచ్చు. స్క్రూలు, వెనక పట్టీ తుప్పు పట్టి, లోపల టంకం దగ్గర ఆకుపచ్చగా పొక్కి ఉంటే మాత్రం వదిలేయండి. ఇక్కడ భీమవరంలో కొన్నా, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నా, మీ డబ్బా ఫొటోలు ఫోన్‌లో పెట్టుకుని వెళ్లండి. ఎస్‌ఎమ్‌పీఎస్ స్టిక్కర్, స్లాట్, వెనక భాగం, మానిటర్ పిన్ను. ఈ నాలుగు ఫొటోలు చూపించి "దీనికి ఏది పడుతుంది?" అని అడగండి. "మంచి కార్డు ఏదుంది?" అని అడగొద్దు.

ఇప్పుడు తమ్ముడి దగ్గరికి వద్దాం. స్లాట్ ఉంది. 35 వాట్లే. సగం ఎత్తు కార్డే పట్టాలి. ఈ లెక్కలో దిగేవాటిలో ఒకటి, లో ప్రొఫైల్ జీటీ 1030. అది 30 వాట్లు. తమ్ముడి ముఖం వెలిగింది. "అయితే అదే తెచ్చేద్దాం అన్నయ్యా!" అన్నాడు.

అక్కడే నేను మళ్లీ ఆపాను. ఎందుకంటే అతని పని గేమ్ కాదు, పెళ్లి వీడియో. స్టూడియోలో వాడేది ఎడియస్. మన పెళ్లి వీడియోల వాళ్లు చాలామంది వాడేది అదే. ఎడియస్ మొదటినుంచీ ప్రాసెసర్ మీద ఎక్కువ ఆధారపడుతుంది. వీడియో చివర్లో ఎక్స్‌పోర్ట్ అయ్యేటప్పుడు ఇంటెల్ ప్రాసెసర్‌లోనే ఉన్న క్విక్ సింక్ అనే భాగాన్ని వాడుకుంటుంది. తమ్ముడి ఐ5లో ఆ క్విక్ సింక్ ఉంది, డబ్బు పెట్టకుండా వచ్చింది. జీటీ 1030లో ఎన్విడియా వాళ్లు వీడియో ఎన్‌కోడర్ అసలు పెట్టలేదు. 1050 టీఐలో ఉంది, 1650లో ఉంది, 1030లో లేదు.

ఇంకా ఉంది వినండి. పాత సిస్టమ్‌లలో చాలావాటిలో కార్డు పెట్టగానే బోర్డు మీద ఉన్న ఇంటెల్ గ్రాఫిక్స్ తనంతట తనే ఆఫ్ అయిపోతుంది. అది ఆఫ్ అయితే క్విక్ సింక్ కూడా పోతుంది. కొన్నింటిలో బయోస్‌లో రెండూ ఆన్‌లో ఉంచే ఆప్షన్ ఉంటుంది. ఇతని బయోస్ అంతా వెతికాం, లేదు. అంటే ఏమైంది? డబ్బు పెట్టి కార్డు కొని, ఉన్న స్పీడు పోగొట్టుకుంటాడు! కార్డు స్లాట్‌లో సరిగ్గా దిగుతుంది, బొమ్మ వస్తుంది, అంతా పడినట్టే కనిపిస్తుంది. పనికి మాత్రం పడదు.

తమ్ముడు చాలాసేపు ఏం మాట్లాడలేదు. కార్డు పెడితే సిస్టమ్ మారిపోతుందని నెలరోజులుగా అనుకుంటున్నాడు మరి. అప్పుడు వాళ్ల అమ్మగారు టీ గ్లాసులు పెడుతూ ఒక మాట అడిగారు. "అది పెడితే మా వాడు రాత్రిళ్లు నర్సాపురంలో ఉండక్కర్లేదా బాబూ?" అని. అసలు ప్రశ్న అదేనండి. మేమిద్దరం గంటసేపు వాట్లు, పిన్నులు లెక్కపెట్టాం. ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేశారు.

టాస్క్ మేనేజర్ తెరిచి చూశాం. ఎడిటింగ్ చేస్తుంటే ర్యామ్ నిండిపోయి ఉంది, డిస్క్ 100 శాతం దగ్గర కూర్చుంది. ప్రాసెసర్ ఖాళీగా ఎదురుచూస్తోంది. అంటే ఆగుతున్నది గ్రాఫిక్స్ దగ్గర కాదు. కాబట్టి 6,500లో ముందు ఒక ఎస్ఎస్‌డీ, రెండు ఖాళీ స్లాట్లలో వాడిన డీడీఆర్3 ర్యామ్ 4 జీబీవి రెండు. మొత్తం 12 జీబీ అయింది. పాత హార్డ్‌డిస్క్ ఫుటేజీ దాచుకోవడానికి ఉంచాం. ర్యామ్ అంచులు రబ్బరుతో తుడిచి, ప్రాసెసర్ ఫ్యాన్‌లో దుమ్ము తీసి కొత్త పేస్ట్ వేశాం. ఎడియస్ ఎక్స్‌పోర్ట్‌లో హార్డ్‌వేర్ ఎన్‌కోడర్ టిక్ పెట్టి ఉందో లేదో చూశాం. లేదు! ఇన్నాళ్లూ ఆ టిక్ లేకుండానే చేస్తున్నాడు.

అదే పెళ్లి పాట, అదే ఫుటేజీ మళ్లీ ఎక్స్‌పోర్ట్ పెట్టాం. ముందు పట్టిన టైమ్‌లో సగం కూడా పట్టలేదు. డబ్బు కూడా మొత్తం అవలేదు, మిగిలింది అమ్మగారి చేతికి ఇచ్చాడు.

కార్డు వద్దని కాదు. 4కే ఫుటేజీ, హెచ్.265 ఫైళ్లు వచ్చినప్పుడు ఈ మూడో తరం ప్రాసెసర్ చేతులెత్తేస్తుంది. డావిన్చీ రిజాల్వ్ లాంటి సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే దానికి మంచి కార్డు తప్పదు. ఆ రోజుకి ఈ సన్న డబ్బా కాకుండా, 6-పిన్ వైరు ఉన్న మంచి ఎస్‌ఎమ్‌పీఎస్‌తో ఒక టవర్ సిస్టమ్ చూసుకోవాలి. ఎస్ఎస్‌డీ అందులోకి మారిపోతుంది. కార్డు కోసం దాచుకోవడం ఈ సీజన్ పని డబ్బుతో మొదలుపెడతానన్నాడు.

కాబట్టి ఫ్రెండ్స్, వరస మర్చిపోకండి. ముందు మీ పని ఏంటి? ఆ పని ఎక్కడ ఆగుతోంది? టాస్క్ మేనేజర్‌లో చూడండి. తర్వాత మూత తీయండి: స్లాట్, ఎస్‌ఎమ్‌పీఎస్, జాగా, మానిటర్ పిన్ను, బయోస్, డ్రైవర్లు. ఆరింటికీ సరే అన్నాకే కార్డు పేరు. ఎవరైనా "అడ్వాన్స్ వేసేయ్, మళ్లీ దొరకదు" అంటే, దొరకనివ్వండి. వాడిన కార్డులు మళ్లీ మళ్లీ వస్తాయి. కాలిపోయిన బోర్డు రాదు.

మీ సిస్టమ్ వివరాలు కామెంట్‌లో పెట్టండి. ప్రాసెసర్ పేరు, ఎస్‌ఎమ్‌పీఎస్ స్టిక్కర్‌లో 12 వోల్టుల దగ్గర ఉన్న ఆంపియర్లు, మీ పని. ఈ మూడూ రాస్తే నాకు తెలిసినంత చెబుతాను. ఇలా కార్డు కొనబోతున్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే వాళ్లకి ఈ వీడియో ఈరోజే పంపండి, అడ్వాన్స్ వేసేశాక కాదు.

వీడియో నచ్చితే ఒక లైక్ కొట్టండి, సబ్‌స్క్రైబ్ చేయనివాళ్లు చేసుకోండి. ఈ ఎపిసోడ్ చివర్లో వచ్చే పెళ్లి పాట బిట్ ఉంది చూశారా, అది తమ్ముడు మొగల్తూరులో ఇంట్లో కూర్చుని ఎడిట్ చేసిందే.